సెలబ్రిటీ వార్తతో ఇంట్లో మాట కదపడం ఎలా

పేరున్న మనిషి ఎవరైనా తాను గే అనో లెస్బియన్ అనో బయటికి చెప్పిన రోజున, విశాఖలో లోలోపల నలిగిపోతున్న పిల్లలకి ఒక్కసారిగా ధైర్యం వస్తుంది. రావాల్సిందే. కానీ ఆ ఊపులో ఇన్‌స్టా స్టోరీ పెట్టేయకండి. చెప్పినవాళ్లకి సొంత సంపాదన ఉంది, మీరు ఇంకా నాన్న కట్టే ఫీజు మీద చదువుతుండొచ్చు. మీ సంగతి ఎత్తకుండానే ఇంట్లోవాళ్ల మనసులో ఏముందో తెలుసుకోవడానికి ముందు ఆ వార్తను వాడుకోండి.

ఎవరి పేరు ఎత్తాలి

తమ గురించి తామే చెప్పుకున్నవాళ్ల పేరే ఎత్తండి. "ఫలానా హీరో అలాంటోడట" అని మొదలుపెడితే జవాబు కూడా వెటకారంగానే వస్తుంది, పైగా ఆ మనిషికి అన్యాయం. హాలీవుడ్ పేరు చెబితే "అది అమెరికాలే" అని కొట్టిపారేస్తారు.

మన పక్క రాష్ట్రం ఒడిశా అమ్మాయి ద్యుతీ చంద్ పేరు బాగా పనికొస్తుంది. పల్లెటూరి చేనేత కుటుంబం. 2018 ఆసియా క్రీడల్లో 100, 200 మీటర్ల పరుగుల్లో రెండు రజతాలు తెచ్చింది. ఒక అమ్మాయితో ప్రేమలో ఉన్నానని 2019 మేలో చెప్పింది. సొంత అక్కే ఎదురు తిరిగింది. ఆ జూలైలోనే నేపుల్స్‌లో ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడల 100 మీటర్ల స్వర్ణం గెలిచింది. డోపింగ్ కేసులో 2023లో పడ్డ నాలుగేళ్ల నిషేధం సంగతి ఎవరైనా తీస్తే దాచొద్దు, అవునని ఒప్పుకోండి. ప్రేమకీ దానికీ సంబంధం లేదని ఒక్క మాట చాలు.

ఎలా కదపాలి

చుట్టాలు లేని రోజు చూసుకోండి. సంక్రాంతికి ఇల్లు నిండినప్పుడో, అక్క పెళ్లి సంబంధాలు నడుస్తున్నప్పుడో వద్దు. అమ్మ కూరలు తరుగుతుంటే పక్కన కూర్చుని, "అమ్మా, పరుగు పందేల్లో ద్యుతీ చంద్ అని ఉంది కదా, ఒక అమ్మాయిని ప్రేమించానందని వాళ్లింట్లో పెద్ద గొడవయిందట" అనండి. అంతే, ఆపేయండి. వాదించకండి, వివరించకండి. రెండో వాక్యం మీరు అన్నారంటే ఆమె మీ మొహం చూడ్డం మొదలుపెడుతుంది.

"ఇదేటమ్మా, కలికాలం" అనేసి వదిలేస్తే అది అలవాటు మాట, దాన్ని పట్టుకుని భయపడక్కర్లేదు. "పాపం వాళ్లమ్మ ఎంత ఏడ్చిందో" అన్నారంటే మీకు దారి ఉన్నట్టే. ఆమె భయమంతా నలుగురి నోటి గురించి, ఆ భయంతో మాట్లాడొచ్చు. "ఎవరి బతుకు వాళ్లది" అన్నమాట వినడానికి బాగుంటుంది గానీ అది పరాయివాళ్ల గురించి అన్నది. సొంత బిడ్డ దగ్గరకొచ్చేసరికి మారిపోతుంది. అందుకే రెండు మూడు వారాలాగి, "మన చుట్టాల్లో ఎవరైనా అలా ఉంటే?" అని అడిగి చూడండి.

జాగ్రత్త పడాల్సిన జవాబులు రెండు. "పెళ్లి చేసేస్తే కుదురుకుంటారు" అంటే, గుజరాత్‌లోని రాజ్‌పిప్లా రాజకుమారుడు మానవేంద్ర సింగ్ గోహిల్ సంగతి చెప్పండి. 1991లో పెళ్లయింది, మరుసటి ఏడాదే విడాకులు, 2006లో గే అని బయటికి చెప్పారు. నష్టపోయింది ఇద్దరు. "డాక్టరుకి చూపించాలి" అంటే, స్వలింగ ఆకర్షణను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే జబ్బుల జాబితాలోంచి తీసేసిందని చెప్పండి. దాన్ని మాన్పిస్తామనే 'వైద్యం' మన దేశంలో 2022 నుంచి డాక్టర్లకు వృత్తిపరమైన దుష్ప్రవర్తన కింద లెక్క. ఈ రెండు మాటల్లో ఏది గట్టిగా వినిపించినా, సొంత కాళ్ల మీద నిలబడేదాకా ఇంట్లో చెప్పొద్దనే మేమంటాం. ఆగడం పిరికితనం కాదు.

చెప్పేముందు

మొదట చెప్పాల్సింది అమ్మానాన్నలకే అని లేదు. నోరు జారని పిన్నో, పెదనాన్న కొడుకో, స్నేహితురాలో ఒక్కరు చాలు. ఎదురుగా కూర్చుని నోటితో చెప్పండి. మెసేజ్ పెడితే స్క్రీన్‌షాట్ అయ్యి సాయంత్రానికి ఫ్యామిలీ గ్రూపులో ఉంటుంది. ఆదివారం సాయంత్రం ఆర్కే బీచ్ వద్దు, తెలిసినవాళ్లు ఎవరో ఒకరు ఎదురవుతారు.

టెన్త్, ఇంటర్ మెమోలు, ఆధార్ డిజిలాకర్‌లో పెట్టుకోండి. బ్యాంకు ఖాతా మీ ఫోన్ నంబరుకే లింకై ఉండాలి. మూడు నెలల హాస్టల్ ఖర్చు చేతిలో ఉంటే మేలు. గొడవైతే ముందు లాక్కునేది ఫోనే, కాబట్టి రెండు మూడు నంబర్లు బట్టీ పట్టండి. మీరు ప్రేమించే మనిషి ఫోటోలు, చాట్లు తీసేయండి. మీతోపాటు వాళ్లూ బయటపడిపోతారు, చాలామంది మరచిపోయేది ఇదే.

2018 సెప్టెంబరు 6 సుప్రీంకోర్టు తీర్పుతో పెద్దవాళ్ల మధ్య ఇష్టపూర్వక స్వలింగ సంబంధం నేరం కాదు. స్వలింగ వివాహానికి మాత్రం 2023 అక్టోబరులో గుర్తింపు ఇవ్వలేదు. పద్దెనిమిది నిండనివాళ్లకి పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల) చట్టం వర్తిస్తుంది గనుక డేటింగ్ యాప్‌ల జోలికి పోవద్దు. అక్కడ పరిచయమై, ఇంట్లో చెప్పేస్తామని డబ్బు గుంజేవాళ్లు ఉంటారు. ఒక్క రూపాయి కూడా పంపకుండా, చాట్ చెరపకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

మనసు బరువెక్కితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 ఉంది. రాత్రీ పగలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. నేరుగా వెళ్లాలంటే చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఏ డాక్టరు దగ్గరైనా మొదట "దీన్ని మీరు జబ్బుగా చూస్తారా?" అని అడగండి. అవునంటే లేచి వచ్చేయండి. గదిలో పెట్టి తాళం వేసినా, చెయ్యి చేసుకున్నా అత్యవసర నంబరు 112. పద్దెనిమిది లోపువాళ్లయితే పిల్లల హెల్ప్‌లైన్ 1098.