అమెరికా చరిత్ర చదవాలంటే ఒక ఊరు, ఒక మనిషి చాలు

అమెరికా చరిత్ర మొత్తాన్ని ఒకే పుస్తకంలో చదవాలని కూర్చుంటే యాభై పేజీలకే నిద్రొస్తుంది. దానికి బదులు ఒక ఊరినీ, అక్కడ బతికిన ఒక మనిషినీ జతగా పట్టుకోండి.

మొదలుపెట్టడానికి నా ఓటు ఫిలడెల్ఫియాకీ, అక్కడ పత్రిక నడిపి, తర్వాత అమెరికా స్థాపకుల్లో ఒకడైన బెంజమిన్ ఫ్రాంక్లిన్‌కీ. ఆయన ఆత్మకథ చిన్నది. కాపీరైట్ లేదు కాబట్టి ఈ-పుస్తకాల సైట్ ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఉచితంగా దొరుకుతుంది. చదివేటప్పుడు ఫోన్‌లో ఆ ఊరి మ్యాప్ తెరిచి పెట్టుకోండి. ఆ ఊరిని స్థాపించిన విలియం పెన్ 1682లో వేయించిన తిన్నని వీధులు, చెట్ల పేర్లతో సహా (చెస్ట్‌నట్, వాల్‌నట్, పైన్) ఇప్పటికీ ఉన్నాయి. 1723లో పదిహేడేళ్ల ఫ్రాంక్లిన్ బోస్టన్ నుంచి పారిపోయి వచ్చి, రొట్టెలు చంకలో పెట్టుకుని నడిచింది ఆ వీధుల్లోనే. 1731లో చందాల లైబ్రరీ, 1736లో మంటలార్పే దళం... ఊరు ఎలా తయారైందో ఆయన పనుల్లోనే కనిపిస్తుంది.

ఒక్క జాగ్రత్త. ఆత్మకథ 1757 ప్రాంతంలోనే ఆగిపోతుంది, 1776 స్వాతంత్ర్య ప్రకటన దాకా రాదు. పైగా ఎవరి కథ వాళ్లు రాసుకుంటే కొన్ని సంగతులు జారిపోతాయి కదా! ఆయన ఇంట్లో బానిసలుండేవారు, ఆయన పత్రికలో బానిసల అమ్మకం ప్రకటనలు వచ్చేవి. 1787లో అదే మనిషి బానిసత్వ వ్యతిరేక సంఘానికి అధ్యక్షుడయ్యాడు. అందుకే పక్కన ఈ కాలపు చరిత్రకారులు రాసిన జీవితచరిత్ర ఒకటి ఉంచుకోండి. కొనేముందు వెనక విషయసూచికలో బానిసత్వం గురించి ఎన్ని పేజీలున్నాయో చూడండి.