కంపోస్టబుల్ సంచులు కొనేముందు చూసుకోవాల్సినవి

దుకాణానికో క్యాంటీనుకో కంపోస్టబుల్ సంచులు, అంటే కుళ్లి ఎరువుగా మారే సంచులు, కొంటున్నారా? ముందు ధర అడక్కండి, సర్టిఫికెట్ అడగండి. సరుకు కంపోస్టబుల్ ప్లాస్టిక్‌కు ఉన్న ఐఎస్/ఐఎస్ఓ 17088 ప్రమాణానికి సరిపోవాలి; తయారీదారుకు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సర్టిఫికెట్ ఉండాలి. సప్లయరు వాట్సాప్‌లో పంపే జిరాక్సు చాలదు. అందులోని కంపెనీ పేరు, నంబరు సంచి మీద అచ్చయ్యాయా అని చూసి, మండలి వెబ్‌సైటులోనూ సరిపోల్చండి. వేరే కంపెనీ కాగితం చూపించి మామూలు పాలిథీన్ అంటగట్టేవాళ్లున్నారు. ఆకుపచ్చ రంగు, ‘బయోడిగ్రేడబుల్’ అన్న ముద్ర రుజువులు కావు.

కొటేషన్ కిలో లెక్కన తీసుకుంటే నష్టపోతారు. పాలిథీన్ సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 0.92 గ్రాములు, కంపోస్టబుల్ ఫిల్ముది (సంచి చేసే పలుచని పొరది) 1.25 దాకా ఉంటుంది. అదే సైజు, అదే మందంలో కిలోకి పాలిథీన్ సంచులు 100 వస్తే ఇవి 74 దాకానే వస్తాయి. అందుకే సైజు, మందం రాసిచ్చి, ఒక్కో సంచికి రేటు అడగండి. శాంపిల్లో మీరు నిజంగా అమ్మే బరువు వేసి, హ్యాండిల్ పట్టుకుని ఎత్తి చూడండి. తెగేది ఎక్కువగా అడుగు అతుకు దగ్గరే.

ఏడాదికి సరిపడా ఒకేసారి కొనొద్దు. వేడికి, తేమకి ఫిల్ము పెళుసెక్కుతుంది. రెండు మూడు నెలల సరుకే తెప్పించి, రేకుల షెడ్డులో కాకుండా నీడపట్టున ఉంచి, పాత కట్టలు ముందు వాడండి.

వాడాక వీటిని ప్లాస్టిక్ తుక్కులో కలిపితే రీసైక్లింగ్ సరుకు చెడుతుంది. ఇవి కుళ్లడానికి 58 డిగ్రీల దరిదాపు వేడి ఉండే కంపోస్టు ప్లాంటు కావాలి, కాబట్టి తడిచెత్త అక్కడికి చేరుతోందో లేదో ఆర్డరుకి ముందే కనుక్కోండి. చేరకపోతే గుడ్డసంచులే కొనండి.