వారం వార్తల ముచ్చట: అరుపులు లేకుండా నడిపించే పద్ధతి

దేవరకొండలోనైనా, అచ్చంపేటలోనైనా రాజకీయం మాట్లాడని చాయ్ హోటల్ దొరకదు. కానీ గంటసేపు అరుచుకున్నాక కూడా కొత్త సంగతి ఒక్కటీ తెలియకుండానే లేచిపోతారు. అందరూ అభిప్రాయంతోనే మొదలుపెడతారు, వార్తను మాత్రం ఎవరూ పూర్తిగా చదివి రారు. ముందు ఈ వరుస మార్చాలి.

వారానికోసారి వార్తలు మాట్లాడుకునే ఈ కూటానికి ఎనిమిది నుంచి పన్నెండు మంది చాలు. అంతకు మించితే మూలకొక ముచ్చట మొదలవుతుంది. గంటన్నర పెట్టుకోండి. హోటల్ కాడ కాకుండా బడి వరండాలోనో, ఎవరి ఇంటి అరుగు మీదనో కూర్చుంటే ఆడవాళ్లూ వస్తారు. రేషన్, పింఛన్, నల్లా నీళ్ల సంగతులు వాళ్లకే ఎక్కువ తెలుసు కాబట్టి వాళ్లు లేని స్థానిక చర్చ సగం చర్చే.

శనివారం రాత్రికల్లా మూడు వార్తలు ఖాయం చేయాలి: జిల్లాది ఒకటి, దేశానిది ఒకటి, ప్రపంచానిది ఒకటి. ఒక్కోదాన్ని రెండు పేపర్లలో చదవాలి, అవి ఒకే పార్టీ వైపు మొగ్గేవి కాకూడదు. రెండింటిలోనూ కలిసే భాగాన్ని ఒకరు పైకి చదివాకే మాటలు మొదలు. ఫోన్‌లో తిరిగే వీడియోకు తేదీ, ఊరు తెలియకపోతే ఆ వారం పక్కన పెట్టండి.

సగం సమయం జిల్లా వార్తకే ఇవ్వండి. అక్కడ మొదట తేల్చాల్సింది: పని ఏ మెట్టు మీద ఉంది? ‘రోడ్డుకు కోట్లు మంజూరు’ అని వస్తే అది సభలో ఇచ్చిన హామీనా, పరిపాలనా అనుమతి జీవో వచ్చిందా, టెండరు పిలిచారా, కాంట్రాక్టరుకు బిల్లు అందిందా? తగాదాలు చాలావరకు ఇక్కడే పుడతాయి. ఒకరు జీవో చూసి ‘అయిపోయింది’ అంటారు, ఇంకొకరు గుంతలు చూసి ‘అబద్ధం’ అంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, మెట్టు వేరు. పార్లమెంటు చట్టాలదీ ఇదే తీరు. చట్టసభల్లో మహిళా రిజర్వేషన్‌ను 2023 సెప్టెంబరులో ఉభయ సభలు ఆమోదించాయి. జనగణన, నియోజకవర్గాల పునర్విభజన తర్వాతే అమలని అందులోనే రాసి ఉంది.

మన దగ్గర కృష్ణా నీళ్ల ముచ్చట రాకుండా వారం గడవదు. అందుకే కొన్ని అంకెలు గోడకు అంటించి ఉంచండి. కృష్ణా నీళ్లు పంచిన బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి రాష్ట్రానికి కేటాయించింది 811 టీఎంసీలు. 2015 నాటి తాత్కాలిక సర్దుబాటులో తెలంగాణకు 299, ఆంధ్రప్రదేశ్‌కు 512. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు, సాగర్‌ది 590. ‘క్యూసెక్కు’ అంటే సెకనుకు ఒక ఘనపు అడుగు చొప్పున పారే నీళ్లు, ‘టీఎంసీ’ అంటే వంద కోట్ల ఘనపు అడుగుల నీటి పరిమాణం. ఈ రెండూ కలిపేస్తే లెక్క తప్పుతుంది. 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ. అంటే శ్రీశైలానికి 3 లక్షల క్యూసెక్కుల వరద వస్తే రోజుకు దాదాపు 26 టీఎంసీలు. ఈ లెక్క ఒకసారి చేయిస్తే ‘నీళ్లన్నీ సముద్రంలకే పోయినయ్’ అన్న మాట మీద కూడా ఎన్ని, ఎన్ని రోజులు అని అడగడం అలవాటవుతుంది.

ప్రపంచ వార్తను ఊరి సరుకుతో కలిపి ఎంచుకోండి, లేకపోతే అందరూ ఫోన్ తీస్తారు. 2025 పత్తినే చూడండి. ఆగస్టు 27 నుంచి మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరింది. అదే నెలలో బట్టల మిల్లులకు ఊరటగా కేంద్రం దిగుమతి పత్తి మీద 11 శాతం సుంకం ఎత్తేసింది, తర్వాత ఆ మినహాయింపును డిసెంబరు 31 దాకా పొడిగించింది. బయటి పత్తి చవకైతే ఇక్కడి వ్యాపారి ధర పెంచడు, రైతు మద్దతు ధరకు కొనే సీసీఐ (భారత పత్తి సంస్థ) కేంద్రానికి పోవాలి. అక్కడ తేమ 12 శాతం దాటితే కొనరు, 8 దాటితే ధర కోస్తారు. వాషింగ్టన్ నుంచి నల్గొండ జిన్నింగు మిల్లు దాకా ఈ గొలుసును బోర్డు మీద గీసి, ఏ కొస ఎవరి చేతిలో ఉందో రాయించండి. అప్పుడు తిట్టినా సరైన చోటే తిడతారు.

మాటకు రెండు నిమిషాలు. మధ్యలో అడ్డుపడితే పెద్ద పటేలైనా, సర్పంచైనా ‘అన్నా, అయిపోనీ’ అని ఆపే అధికారం ఆ వారం నడిపించే మనిషికి ఉండాలి. ఆ మనిషి వారం వారం మారాలి, పార్టీ పదవి ఉన్నవాళ్లకు ఆ బాధ్యత వద్దు. కులం పేరు ఎత్తితే అక్కడికక్కడ ఆపాలి. ‘మీ పార్టీ’ అనకుండా ‘ఈ నిర్ణయం’ అనమంటే సగం వేడి తగ్గుతుంది.

నోట్‌బుక్‌లో తేలని ప్రశ్న, దాన్ని తెలుసుకొచ్చే మనిషి పేరు రాయండి. వచ్చే వారం మొదటి పది నిమిషాలు వాటికే. ఆఫీసుల్లో నోటిమాటగా చెప్పకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి: గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10. జవాబుకు గడువు 30 రోజులు. ‘ఎందుకు చేయలేదు’ అని అడిగితే తిరిగొస్తుంది. ఫలానా పనికి ఇచ్చిన అనుమతి పత్రం నకలు, చెల్లించిన బిల్లుల నకళ్లు కావాలని రాయండి.