విల్సన్ వ్యాధి పరీక్షకు 24 గంటల మూత్రం ఎలా పట్టాలి?

చేతులు వణకడం, మాట ముద్దగా రావడం, చొంగ కారడం, రాత గజిబిజి కావడం, ఊరికే కోపం. పాతికేళ్ల మా తమ్ముడిలో ఇవన్నీ కనిపిస్తే నరాల బలహీనత అన్నారు, మానసికం అన్నారు. రెండేళ్లు పోయాక విల్సన్ వ్యాధి అని తేలింది. అమ్మానాన్నలిద్దరి నుంచీ లోపమున్న ఏటీపీ7బీ జన్యువు వస్తే కాలేయం రాగిని సరిగా బయటకు పంపలేదు. అది మెదడులోనూ పేరుకుంటుంది. రక్తంలో సెరులోప్లాస్మిన్ అనే రాగిని మోసే ప్రొటీన్, కంటికి సన్నని వెలుతురు వేసి పెద్దదిగా చూసే స్లిట్ ల్యాంప్ పరీక్షతో పాటు ఒక రోజు మూత్రంలో రాగి ఎంత పోతోందో చూస్తారు. ఆరేళ్లుగా మా ఇంట్లో ఈ పని నాదే.

ల్యాబ్ వాళ్లిచ్చే ప్లాస్టిక్ క్యాన్, ఒక కొత్త ప్లాస్టిక్ మగ్గు చాలు. లోహపు గిన్నె ఏదీ వాడొద్దు. ఆదివారంలాంటి సెలవు రోజైతే మేలు, ఆ రోజు ఇల్లు కదలకూడదు.

అందరూ తప్పు చేసేది ఇక్కడే. ఉదయం 6 గంటలకు పోసిన మొదటి మూత్రం క్యాన్‌లో వేయకూడదు, పారబోయాలి. అది రాత్రంతా తయారైనది, మన లెక్కలోది కాదు. 6 అని క్యాన్ మీద రాయండి. అక్కడి నుంచి ప్రతి చుక్కా క్యాన్‌లోకే. మర్నాడు సరిగ్గా 6కి, రాకపోయినా ప్రయత్నించి పోయించి, అదీ కలపాలి.

దొడ్డికి వెళ్లేముందు మగ్గులో పోయమని చెప్పండి. స్నానం చేస్తూ పోసేస్తారు, అదీ గుర్తుచేయాలి. చేతులు వణికేవాళ్లకు మగ్గు మీరే పట్టుకోండి. ఒక్కసారి ఒలికినా అంచనాతో సర్దొద్దు, క్యాన్ మార్చి మర్నాడు మళ్లీ మొదలుపెట్టండి. మందులు మొదలుకాని పెద్దవాళ్లలో రోజుకు 100 మైక్రోగ్రాములు దాటితే అనుమానం బలపడుతుంది. 110 రావాల్సింది మీ వల్ల 85 అయితే మళ్లీ అదే తిరుగుడు.

ఒక్కసారి పట్టి ఇస్తే చాలదా అంటారు. చాలదు. పూటపూటకీ మూత్రం చిక్కదనం మారుతుంది.

విశాఖ ఉక్కపోతలో క్యాన్ బయట పెట్టొద్దు. ఫ్రిజ్ లేకపోతే చేపలకు వాడే థర్మాకోల్ పెట్టెలాంటిది కొత్తది కొని ఐస్ వేయండి.

విశాఖలోని ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కి వెళ్లినా, ప్రైవేటుకి వెళ్లినా వాడుతున్న మందులన్నీ రాసివ్వండి. ఒంట్లోని రాగిని బయటకు పంపే మందు పెన్సిలమిన్ వాడుతుంటే మూత్రంలో రాగి పెరుగుతుంది. డాక్టరు చెప్పకుండా అది ఆపొద్దు.

తోబుట్టువుల్లో ఒక్కొక్కరికీ ఈ జబ్బు వచ్చే అవకాశం నాలుగో వంతు. తమ్ముడికి తేలిన వారమే నేనూ క్యాన్ తెచ్చుకున్నాను.