వాల్‌పేపర్ తీశాక గోడ మీద మిగిలే జిగురు

వాల్‌పేపర్ ఊడదీసిన గోడకు వెంటనే రంగు వేయకండి. పైకి శుభ్రంగానే కనిపిస్తుంది గానీ, తడి చేత్తో రుద్దితే కలబంద గుజ్జులా జారుతుంది. అదే మిగిలిన జిగురు. దాని మీద వేసిన రంగు కొన్నాళ్లకే బీటలు వారి పొరలుగా లేస్తుంది. పిండి జిగురైతే టింక్చర్ అయోడిన్ చుక్క వేసిన చోట ముదురు నీలంగా మారుతుంది కూడా.

వేడినీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ కాస్త కలిపి, స్పాంజితో కొద్దికొద్ది మేర తడిపి, 10 నిమిషాలు నాననివ్వండి. ఓపిక పట్టాల్సింది ఇక్కడే. జిగురు ఉబ్బి మెత్తబడ్డాక ప్లాస్టిక్ బ్లేడుతో గీకితే ముద్దలుగా వచ్చేస్తుంది. గోడంతా ఒకేసారి తడిపితే, అవతలి చివరకు చేరేలోపు మళ్లీ ఆరిపోతుంది. మన గోడలకు పుట్టీ ఉంటుంది కాబట్టి నీళ్లు కారేలా పోయకండి, అదీ లేచివస్తుంది. స్విచ్‌బోర్డుల దగ్గర పని చేసేటప్పుడు మెయిన్ ఆపేయడం తప్పనిసరి. ఆఖరున మంచినీళ్లతో తుడిచి, పూర్తిగా ఆరాకే ప్రైమర్.

వెనుక కాగితం ఒలిచి అంటించే స్టిక్కర్ రకానికి మాత్రం నీళ్లు పెద్దగా పనిచేయవు. హెయిర్ డ్రయ్యర్‌తో వేడిచేసి, మెత్తబడిన బంకను వేళ్లతో ఉండలు చుట్టి లాగాలి.