కిలోంబెరో లోయకు ఉద్యోగం మీద వస్తున్నవారికి

చక్కెర ఫ్యాక్టరీ పనికో, వ్యవసాయ ప్రాజెక్టుకో, ఆసుపత్రికో టాంజానియాలోని కిలోంబెరో జిల్లాకు వస్తున్నారా? ముందు ఇక్కడి వానల లెక్క తెలుసుకోండి. రోడ్లు, కూలీలు, బియ్యం ధర, జ్వరాలు అన్నీ దాన్నిబట్టే ఉంటాయి.

దార్ ఎస్ సలామ్ నుంచి మొరొగోరో మీదుగా వచ్చి మికుమి ఊళ్లో హైవే వదిలి దక్షిణానికి తిరగాలి. ఆ ఊరికి ముందు హైవే నేషనల్ పార్కు మధ్యలోంచి పోతుంది. జంతువులు రోడ్డు దాటుతుంటాయి, గుద్దితే జరిమానా కట్టాలి. చీకటి పడ్డాక ఆ దారిన రావద్దు. కిడాటు దగ్గర గ్రేట్ రువాహా నది దాటగానే జిల్లా మొదలవుతుంది. కుడివైపు ఉడ్జుంగ్వా కొండల అడవి, ఎడమవైపు చెరకు, వరి. ఇంకా ముందుకు పోతే ఇఫకారా వస్తుంది. పెద్ద బజారు అక్కడే. చైనా సాయంతో 1970ల్లో వేసిన తజారా రైలు మార్గం కూడా ఈ ఊరి మీదుగానే పోతుంది.

పెద్ద వానలు మార్చి నుంచి మే వరకు. అప్పుడు కిలోంబెరో నది గట్లు దాటి మైదానమంతా పరుచుకుంటుంది. నది అవతలి ఉలంగా జిల్లాకు వెళ్లాలంటే ఒకప్పుడు ఫెర్రీయే గతి. 2018లో వంతెన తెరిచాక ఆ టెన్షన్ పోయింది. లోపలి ఊళ్ల మట్టిరోడ్లు మాత్రం ఇప్పటికీ బురదే. ఫీల్డు పనులు జూన్ తర్వాత పెట్టుకోండి.

ఇక్కడ బతుకుతెరువు ప్రధానంగా వరి. తొలకరికి దున్ని, డిసెంబరు, జనవరిల్లో విత్తి, మే తర్వాత కోస్తారు. పొలాలు ఊరికి చాలా దూరం కాబట్టి చాలా కుటుంబాలు ఆ నెలల్లో పొలానికే మకాం మారుస్తాయి. గుంజల మీద ఎత్తుగా కట్టిన గడ్డి పాకలో ఉంటూ పిట్టల్నీ అడవిపందుల్నీ తోలుకుంటారు. ఇంట్లో పనిచేసే అమ్మాయి జనవరిలో సెలవడిగితే అందుకే. ఆమెను బద్ధకస్తురాలనకండి. ఆ ఇంటి ఏడాది తిండి ఆ పొలంలోనే ఉంది. కొండ పక్క ఊళ్లలో ఏనుగుల బెడద ఉంది. కొందరు రైతులు పొలం చుట్టూ తీగ కట్టి తేనెపెట్టెలు వేలాడదీస్తారు. తేనెటీగలంటే ఏనుగుకు భయం.

చాలాకాలంగా ఉన్నవారు వన్‌దంబా, వపోగోరో, వంబుంగా ప్రజలు. నది చేపల మీద బతికే కుటుంబాలూ ఎన్నో. తర్వాత వసుకుమా, మాసాయి పశుపోషకులు మందలతో వచ్చారు. నీళ్లు, గడ్డి, పొలం గట్ల దగ్గర గొడవలు వస్తుంటాయి. 2012లో ప్రభుత్వం చాలా మందల్ని మైదానం నుంచి పంపించేసింది. ఇది అందరికీ నొప్పి కలిగించే విషయం. భూమి మాట వచ్చినప్పుడు వినండి, ఎవరి పక్షమూ మాట్లాడకండి.

పెద్దవాళ్లు కనిపిస్తే ముందు మీరే "షికమో" అనాలి. వాళ్లు "మరహాబా" అంటారు. ఆ తర్వాతే పని మాట. పలకరింపు లేకుండా "ఎంత?" అని అడిగితే చాలా మోటుగా అనిపిస్తుంది.

టైముతో మరీ జాగ్రత్త. స్వాహిలీలో గంటలు పొద్దు పొడిచినప్పటి నుంచి లెక్క, అంటే మన ఏడు వాళ్లకు ఒకటి. బస్సు "సా కుమి న మ్‌బిలి అసుబుహి" అన్నారంటే మాటకు పొద్దున పన్నెండు, మనకు ఆరు. టికెట్ కొనేటప్పుడు వాచీ చూపించి అడగండి.

మలేరియా ఇక్కడ పాత శత్రువు. ఇప్పటి ఇఫకారా హెల్త్ ఇన్‌స్టిట్యూట్ 1950ల్లో ఒక చిన్న ఫీల్డు ల్యాబుగా మొదలైంది. దోమల మీద దశాబ్దాలుగా పనిచేస్తోంది. దోమతెర లేకుండా ఒక్క రాత్రి కూడా పడుకోవద్దు. జ్వరం వస్తే పారాసిటమాల్ వేసుకుని ఊరుకోకండి, అదే రోజు రక్తపరీక్ష చేయించుకోండి.

తిండికి దిగులు లేదు. ఇక్కడి బియ్యం చాలా బాగుంటాయి. బజారులో "మ్‌చిచా" అంటే తోటకూర, "బామియా" బెండకాయ, "చోరోకో" పెసలు, "ఉక్వాజు" చింతపండు. పెసరట్టు హాయిగా వేసుకోవచ్చు. ఇంగువ, మినప్పప్పు మాత్రం దార్ ఎస్ సలామ్‌లో కొనుక్కుని రండి. ప్లాస్టిక్ సంచుల మీద 2019 నుంచి నిషేధం ఉంది కాబట్టి గుడ్డసంచి వెంట ఉంచుకోండి.