చదువుతూ బెంగాలీ నేర్చుకోవడం, మధ్యలో వదిలేయకుండా ఉండటం

ముందు వ్యాకరణం పూర్తిచేసి ఆ తర్వాత పుస్తకం పట్టుకుందాం అనుకుంటే ఆ రోజు ఎప్పటికీ రాదు. లిపి రాగానే చదవడం మొదలుపెట్టేయండి. తెలుగువాళ్ళకి ఈ పద్ధతి బెంగాలీలో బాగా పనిచేస్తుంది, ఎందుకంటే వాక్యం నడక దాదాపు మనదే. 'బాడి గియే భాత్ ఖేయే ఘుమియే పొడ్లామ్' అంటే 'ఇంటికి వెళ్ళి అన్నం తిని నిద్రపోయాను'. ఒక్క మాటనీ అటూ ఇటూ జరపక్కర్లేదు. మనం 'అని' వాడే చాలా చోట్ల వాళ్ళు 'బోలే' వాడతారు, మనం నీళ్ళూ గీళ్ళూ అన్నట్టే వాళ్ళు 'జొల్ టొల్' అంటారు. హిందీ నేర్చుకునేటప్పుడు ఏది స్త్రీలింగం ఏది పుంలింగం అని పడే టెన్షన్ ఇక్కడ లేనే లేదు, లింగాన్ని బట్టి క్రియ మారదు, అతనికీ ఆమెకీ కూడా 'శే' ఒక్కటే.

లిపికి రోజూ ఓ అరగంట కూర్చుంటే రెండు మూడు వారాలు చాలు. వరస మనకి తెలిసిందే, క ఖ గ ఘ. తికమక పెట్టేవి కొన్నే ఉన్నాయి. 'ఇ' గుర్తు అక్షరానికి ఎడమవైపు ముందే వచ్చేస్తుంది కానీ పలకాల్సింది తర్వాత. 'ఒ' గుర్తయితే అక్షరానికి రెండు వైపులా ఉంటుంది. బ కింద చుక్క పెడితే ర అవుతుంది, చిన్న అక్షరాల అచ్చులో ఆ చుక్క కనబడక చాలామంది తడబడతారు. అంకెల్లో వాళ్ళ 4 అచ్చం మన 8లా, వాళ్ళ 7 మన 9లా ఉంటాయి, పేజీ నంబర్లు చూసేటప్పుడు గుర్తుంచుకోండి. అసలు కష్టం సంయుక్తాక్షరాలది. మనకి ఒత్తు విడిగా కనబడుతుంది, అక్కడ రెండక్షరాలు కలిసిపోయి కొత్త ఆకారం అయిపోతాయి. క్ష, జ్ఞ, హ్మ లాంటివి చూస్తే అందులో ఏమేం ఉన్నాయో పోల్చుకోలేం. పట్టిక ముందు పెట్టుకుని బట్టీ పట్టొద్దు, చదువుతుంటే ఎదురైనవాటిని చేత్తో రాసుకోండి, చాలు.

మొదటి పాఠంగా 'జన గణ మన' తీసుకోమంటాను. అది సంస్కృత పదాలు నిండిన బెంగాలీ, మనకి నోటికి వచ్చిందే, కాబట్టి ఏ అక్షరం ఏదో కన్ను దానంతటదే పోల్చుకుంటుంది. బెంగాలీవాళ్ళు పాడింది వింటూ చదివితే ఇంకో సంగతి కూడా తెలిసిపోతుంది: మన అకారం వాళ్ళ నోట చాలాచోట్ల ఒకారంలా పలుకుతుంది. రాసేదానికీ పలికేదానికీ ఇలాంటి తేడాలు బెంగాలీలో బోలెడు. లక్ష్మి అని రాసి 'లొక్ఖి' అంటారు, స్వామి అని రాసి 'శామి' అంటారు. అందుకే చదువుతూ నేర్చుకునేవాళ్ళు కూడా చెవిని వదిలేయకూడదు. చదివిన కథకి ఆడియో దొరికితే ముందు చదివి, తర్వాత విని, మళ్ళీ చదవండి.

ఆ తర్వాత ఠాగూర్ పిల్లల కోసం రాసిన 'సహజ్ పాఠ్' చూడండి. 1930లో వచ్చింది, నందలాల్ బోస్ బొమ్మలు వేశారు. చిన్న చిన్న వాక్యాలు, అలాగని చప్పగా ఉండవు. దాన్నుంచి పిల్లల కథలకీ, పిల్లల డిటెక్టివ్ కథలకీ వెళ్ళండి. వార్తలు ఇష్టమైతే ఆనందబజార్ పత్రిక, బంగ్లాదేశ్ నుంచి వచ్చే ప్రొథొమ్ ఆలో రెండూ ఇంటర్నెట్‌లో ఉన్నాయి. మొదట శీర్షికలు చదివితే చాలు. కోల్‌కతా పత్రికలో 'జొల్' అన్నది ఢాకా పత్రికలో 'పాని' అయితే కంగారు పడకండి, రెండూ నీళ్ళే.

బెంగాలీ నవలాకారుడు శరత్ మీద ప్రేమతో బెంగాలీ మొదలుపెట్టే తెలుగువాళ్ళు చాలామంది ఉంటారు. వాళ్ళకి గట్టిగా చెప్పేది ఒకటే, మొదటి పుస్తకంగా శరత్‌ని పట్టుకోకండి. ఆయన నవలల్లో కథనం ఎక్కువగా సాధుభాషలో ఉంటుంది, అంటే మన గ్రాంథికం లాంటిది. 'ఖేయే' అక్కడ 'ఖాఇయా' అవుతుంది, 'తార్' (అతని, ఆమె) కాస్తా 'తాహార్' అవుతుంది. వాడుక భాష, అంటే చలిత్ భాష, కళ్ళకి అలవాటయ్యాక ఇవి ఇట్టే పట్టుబడతాయి, ముందే అయితే రెండు వ్యాకరణాలు ఒకేసారి నేర్చుకుంటున్నట్టు ఉంటుంది. కొన్నాళ్ళు ఆగి, తెలుగులో మీరు ఇదివరకే చదివిన శరత్ నవలనే తీసుకోండి, కథ తెలుసు కాబట్టి భాష మీద దృష్టి నిలుస్తుంది.

నిఘంటువు దగ్గర చాలామంది అలిసిపోతారు. సంసద్ బెంగాలీ-ఇంగ్లిష్ నిఘంటువు షికాగో యూనివర్సిటీ వాళ్ళ సైట్‌లో ఉచితంగా ఉంది. అయితే 'గెలామ్', 'గియే' అని వెతికితే సరిగ్గా దొరకదు, రెండూ 'జావా' (వెళ్ళడం) అనే క్రియ రూపాలు. వెళ్ళడం, రావడం, ఇవ్వడం, తీసుకోవడం, ఈ నాలుగు క్రియల రూపాలు మాత్రం ఒక కాగితం మీద రాసుకుని పుస్తకంలో పెట్టుకోండి, నేను బట్టీ పట్టమనేది ఇవొక్కటే. తెలిసినట్టే కనబడే మాటలతో ఇంకా జాగ్రత్త. ఉపన్యాస్ అంటే నవల, అవసర్ అంటే తీరిక, రాగ్ అంటే కోపం, చేష్టా అంటే ప్రయత్నం. వాక్యంలో అర్థం కుదరట్లేదంటే ముందు అనుమానించాల్సింది తెలియని మాటని కాదు, ఇలా తెలుసనుకున్న మాటనే.

ఇక ఉత్సాహం సంగతి. అది సాధారణంగా పడిపోయేది పిల్లల వాచకం అయిపోయి మొదటి అసలు కథ తెరిచినప్పుడు. నిన్నటిదాకా పేజీ ఐదు నిమిషాల్లో అయ్యేది, ఇప్పుడు గంట పడుతోంది. అప్పుడు రోజూ ఒక పేజీ అని పట్టు పట్టకుండా సగం పేజీకి దిగండి, అదే సగం పేజీని రేపూ ఎల్లుండీ కూడా చదవండి. తెలియని మాట కింద పెన్సిల్‌తో చుక్క పెట్టి ముందుకెళ్ళిపోండి, పేరా అయ్యాక కథకి అడ్డం పడుతున్న రెండు మూడు మాటలే నిఘంటువులో చూడండి, మిగతావి మళ్ళీ మళ్ళీ ఎదురైతే వాటంతటవే తెలుస్తాయి. నెల తర్వాత పేజీలు తిరగేస్తే చుక్కలు పల్చబడటం కంటికే కనబడుతుంది. నా దృష్టిలో యాప్‌లు ఇచ్చే పాయింట్లకంటే అది వెయ్యి రెట్లు నయం.

పుస్తకం విసుగొస్తే మొహమాటపడకుండా పక్కన పెట్టేయండి, తర్వాతేమైందో తెలుసుకోవాలనిపించని కథ మిమ్మల్ని పరాయి భాషలో లాక్కెళ్ళలేదు. కానీ మొదటి పది పేజీలు చూసి ఆ నిర్ణయానికి రాకండి. ప్రతి రచయితకీ తను పదే పదే వాడే మాటలుంటాయి, అవన్నీ మీకు కొత్తగా తగిలేది ఆ పేజీల్లోనే. అందుకే రెండో పుస్తకం కూడా అదే రచయితది తీసుకోండి, వీలైతే అవే పాత్రలు మళ్ళీ వచ్చేది.